హోడి

పొద్దున పడవ తప్పిపోయింది.
తెల్లటి ఇసుకదిబ్బ, గాజునీళ్లు, మధ్యాహ్నం కాల్చిన చేప
అన్నిటికీ కలిపి నలభై డాలర్లు కట్టిన రసీదు
జేబులో చెమటకి మెత్తబడింది.
రేవులో కుర్రాడు రేపు అన్నాడు,
సముద్రం వైపు చూడకుండానే.

ఉక్రోషంతో, ఎటు పోతుందో అడక్కుండా
ఎదురొచ్చిన డాలాడాలా ఎక్కాను.
ఒళ్లో ఎవరిదో కోడి. మోచేతి కింద ఎవరిదో పనసకాయ.
కిటికీకి అద్దం లేదు, అద్దం ఉండాల్సిన చోట గాలి ఉంది.
పెంబా దీవి మధ్యలో ఒక మలుపు దగ్గర
ఆ గాలి ఉన్నట్టుండి
మా వంటింటి పోపులపెట్టె మూత తీసింది.

ఆపు, ఆపు అని అరిచాను, తెలుగులో.
ఆపాడు.

రోడ్డు సగం దాకా చాపలు.
చాపల నిండా లవంగాలు.
పచ్చివి, ఎర్రబారుతున్నవి, నల్లబడ్డవి,
ఒక్కో చాపకీ ఒక్కో ఎండ వయసు.

అలవాటుగా ఫోను బయటికొచ్చింది.
ఒక గుమ్మం ముందు నిలబడి లోపలికి గురిపెట్టాను.
"హోడి అనాలి" అంది వెనకనుంచి ఒక గొంతు.
చేట పట్టుకున్న ముసలామె. పేరు మ్వానకోంబో అట.
మనవడు ఫకీ, బళ్లో నేర్చిన ఇంగ్లీషు కూడదీసి చెప్పాడు:
ఏ ఇంటి ముందైనా హోడి అనాలి.
లోపల్నుంచి కరీబు అంటే వెళ్లాలి.
మూడుసార్లు పిలిచినా పలక్కపోతే
వచ్చిన దారినే పోవాలి. అంతే.

ఎన్ని దేశాల్లో ఎన్ని గుమ్మాలు
హోడి అనకుండా ఫోన్లో వేసుకొచ్చానో
అప్పటికప్పుడు లెక్క తేలలేదు.

హోడి, అన్నాను.
ఆమె చెరుగుతూనే ఉంది.
హోడి, అన్నాను.
పొట్టు ఊదింది.
మూడోసారికి నా గొంతు నిజంగానే సన్నబడింది.
"కరీబు" అని చాప అంచు చూపించింది.

అక్కడ కూర్చోవడమంటే ఊరికే కూర్చోవడం కాదు.
గుత్తిని అరచేతికి ఆనించి మెలితిప్పితే
మొగ్గలు ఇటు, కాడలు అటు.
ఆమె చేతులకది ఊపిరి తీసినంత పని. నాకు గంటకి దోసెడు.
ఆ దోసెడులోంచి కూడా ఫకీ కాడలు ఏరేశాడు,
నేను చూడట్లేదనుకుని.

వాళ్ల బతుకు గురించి అడగాలని
నా దగ్గర మంచి మంచి ప్రశ్నలున్నాయి.
ముందు ఆమే అడిగింది:
"మీ దేశంలో లవంగాలు కిలో ఎంత?"

తెలీదు.
పది రూపాయల పొట్లం తెలుసు.
బిర్యానీలో పంటికింద పడితే
తీసి పళ్లెం అంచున పెట్టడం తెలుసు.
కోయకుండా వదిలేస్తే ఈ మొగ్గ
ఏ రంగు పువ్వయ్యేదో తెలీదు.
ఆమె బుగ్గ పట్టుకుని మూలిగింది, ఉత్తుత్తినే.
పంటినొప్పికా? మాక్కూడా, మాక్కూడా!
ఇద్దరం దవడలు పట్టుకుని నవ్వాం.

అప్పుడొచ్చింది వాన.
ఎక్కడో ఒక కేక, ఆ తర్వాత ఊరంతా కాళ్లే.
కొస పట్టు, మడువు, పరుగెత్తు,
ఏ చాప ఎవరిదని ఎవరూ చూడలేదు.
నా చేతిలో కొస జారి
కొన్ని దోసిళ్ల లవంగాలు బురదలోకి పోయాయి.
ఎవరి లవంగాలో, ఎవరి నాలుగు రోజుల ఎండో.
ఎవరూ ఏమీ అనలేదు.
ఎవరైనా ఏమైనా అని ఉంటే బాగుండేది.

వసారాలో తడిసి నిలబడ్డాం, అల్లం చాయ్ తాగుతూ.
నేను నోటు తీస్తే మ్వానకోంబో వాన వైపు తిరిగింది.
పొద్దున చాపలు మళ్లీ పరుస్తాం,
రేపు వస్తావా, అన్నాడు ఫకీ.
రేపు నాకు పడవ ఉంది.
ఉందనే చెప్పాను.

ఇసుకదిబ్బ తెల్లగానే ఉంది.
నీళ్లు గాజులానే ఉన్నాయి.
చేప బాగా కాల్చారు, కానీ తుంచిన ప్రతి ముక్కా
నా వేళ్ల వాసనే వేసింది.
పక్క గొడుగు కింది జంట అడిగారు, ఏం మసాలా అది అని.
పేరు చెప్పాను.
ధర చెప్పలేకపోయాను.